పలాస జీడిపప్పుకి ముప్పై హ్యాష్‌ట్యాగులు: ఒక చిన్న దుకాణం కేస్ స్టడీ

శ్రీకాకుళం జిల్లాలో చిన్న వ్యాపారాల సోషల్ మీడియా పేజీలు చూసుకోవడం నా పని. ఇక్కడ రాస్తున్నది కాశీబుగ్గలో ఒక జీడిపప్పు దుకాణం గురించి. పేరు బయటపెట్టడం వాళ్లకి ఇష్టం లేదు కాబట్టి దుకాణం అనే అంటాను. వాళ్లకి ఫ్యాక్టరీ లేదు. పలాస-కాశీబుగ్గ జంట పట్టణంలోని ఫ్యాక్టరీల నుంచి పప్పు కొని, గ్రేడు సరిచూసుకుని, పావుకిలో నుంచి కిలో వరకు ప్యాకెట్లు కట్టి అమ్ముతారు. కౌంటర్ దగ్గర అమ్మకానికి లోటు లేదు. వాళ్లు పెంచుకోవాలనుకున్నది కొరియర్ ఆర్డర్లు. హైదరాబాద్‌లో, బెంగళూరులో, విశాఖలో స్థిరపడిన మన వైపు వాళ్లు సెలవులకి వచ్చినప్పుడు కిలోలకి కిలోలు పట్టుకెళ్తారు. మిగతా పది నెలలు అక్కడి సూపర్ మార్కెట్‌లో కొంటారు. ఆ పది నెలల కోసమే ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టారు.

పేజీ నా చేతికి వచ్చేసరికి పోస్టులకి కొదవ లేదు. వాళ్లబ్బాయి ఫోన్‌తో వీడియోలు బాగా తీస్తాడు. లైకులూ వస్తున్నాయి, ఆర్డర్లే రావట్లేదు. ప్రతి పోస్టు కింద ఒకే ముప్పై హ్యాష్‌ట్యాగులు అతికించి ఉన్నాయి. అంతకుముందు ఈ పని చూసిన ఒకాయన ఫోన్‌లో నోట్ చేసి ఇచ్చిన జాబితా అది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న ట్యాగులను కూడా ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను: #లవ్, #ఇన్‌స్టాగుడ్, #వైరల్, #ట్రెండింగ్, #ఫుడీ, #హెల్దీ, #డ్రైఫ్రూట్స్, #క్యాష్యూ, #హైదరాబాద్, #వైజాగ్, ఇలా సాగుతుంది. జీడిపప్పు ప్యాకెట్‌కీ #లవ్‌కీ ఏమిటి సంబంధం అని అడిగితే, ఎక్కువ మంది వాడే ట్యాగ్ పెడితే ఎక్కువ మందికి కనిపిస్తుందని చెప్పారట.

ఈ నమ్మకం ఒక్క కాశీబుగ్గలోనే కాదు, నా దగ్గరికి వచ్చే ప్రతి రెండో క్లయింట్ దగ్గరా ఉంది. ఒకప్పుడు ఇందులో కొంత నిజం ఉండేది కూడా. 2007 ఆగస్టులో అమెరికన్ డిజైనర్ క్రిస్ మెస్సినా ట్విట్టర్‌లో ఈ # గుర్తును ప్రతిపాదించింది, ఒకే విషయం మీద మాట్లాడుకునే వాళ్లు ఒకరినొకరు వెతుక్కోవడానికి. ఇన్‌స్టాగ్రామ్‌లోకి 2011లో, ఫేస్‌బుక్‌లోకి 2013లో వచ్చింది. కొత్త పోస్టులు ట్యాగ్ పేజీలో వరసగా కనిపించిన ఆ రోజుల్లో పెద్ద ట్యాగ్ పెడితే కాసేపైనా కొందరి కంట పడేది. 2017 చివర్లో ట్యాగులను ఫాలో అయ్యే సదుపాయం ఇచ్చిన ఇన్‌స్టాగ్రామ్, 2024 డిసెంబర్‌లో దాన్ని తీసేసింది. హ్యాష్‌ట్యాగ్ వల్ల రీచ్, అంటే పోస్టు చేరే అకౌంట్ల సంఖ్య, చెప్పుకోదగ్గంత పెరగదని ఆ సంస్థ అధిపతి ఆడమ్ మొస్సేరి ఒకటికి రెండుసార్లు బహిరంగంగానే చెప్పాడు. పోస్టు దేని గురించో అర్థం చేసుకోవడానికి, వెతికిన వాళ్లకి చూపించడానికి మాత్రం అది పనికొస్తుంది. అందుకే 2021లోనే మూడు నుంచి ఐదు ట్యాగులు చాలని వాళ్ల క్రియేటర్ల ఖాతాలో సలహా ఇచ్చారు.

అప్పట్లో ఒక పోస్టుకి ముప్పై ట్యాగుల దాకా ఇన్‌స్టాగ్రామ్ ఒప్పుకునేది. దుకాణం పెద్దాయనకి ఇది చెబితే ఒక పట్టాన ఒప్పుకోలేదు. "ముప్పై పెట్టుకోనిస్తే అయిదే పెడతానంటావేటమ్మా? మిగతా ఇరవై అయిదూ ఎవరికి వదిలీసినట్టు?" అన్నారు. వ్యాపారస్తుడి లెక్క అది. ఉచితంగా వచ్చేదాన్ని ఎందుకు వదులుకోవాలి అని.

ఆయనకి నేను వాదనతో చెప్పలేదు, ట్యాగులు నొక్కి చూపించాను. #క్యాష్యూ నొక్కితే వియత్నాం నుంచి, ఆఫ్రికా నుంచి, ఎక్కడెక్కడి నుంచో పోస్టులు. కేకులు, జీడిపప్పు పాలు, ఆ పేరు పెట్టిన పెంపుడు కుక్కలు. మన ప్యాకెట్ ఫొటో ఆ రాశిలో ఎవరికి కనిపించాలి? కనిపించినా పోర్చుగల్‌లో ఉన్నామె అరకిలో పలాస పప్పు తెప్పించుకుంటుందా? ఆ తర్వాత వాళ్ల పోస్టుల కింద కామెంట్లు చదివించాను. సగం "అద్భుతం, ప్రమోషన్ కోసం మాకు మెసేజ్ చేయండి" లాంటివే. పెద్ద ట్యాగులను కాపలా కాసే బాట్లు, అంటే మనిషి లేకుండా వాటంతటవే నడిచే ఖాతాలు, పెట్టే కామెంట్లు అవి. లైకుల్లో కూడా వాటి వాటా ఎంతో ఉంటుంది. పెద్దాయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "అయితే వీళ్లెవరూ మనుషులే కాదా?" అని అడిగారు. ఆ మాటతో పని సులువైంది.

ఎవరికోసం

ట్యాగుల గురించి ఆలోచించే ముందు, ఫోన్‌కి సమాధానాలు చెప్పే వాళ్ల కోడలు దగ్గర కూర్చున్నాను. వాట్సాప్‌లో ఆర్డర్ ఇచ్చిన ప్రతివాళ్లనీ "మమ్మల్ని ఎక్కడ చూశారండీ?" అని అడిగి ఒక నోట్‌బుక్‌లో రాయమన్నాను. ఈ కేసు మొత్తంలో ఎక్కువ పనికొచ్చిన పరికరం ఆ నోట్‌బుక్కే. ఇన్‌స్టాగ్రామ్ ఇన్‌సైట్స్ ఎంతమంది చూశారో చెబుతుంది, అందులో ఫాలోయర్లు ఎందరో కానివాళ్లు ఎందరో చెబుతుంది. ఫలానావిడ ఏ మాట వెతికి వచ్చిందో చెప్పదు.

నోట్‌బుక్‌లో తేలింది ఏమిటంటే, బంధువులు పంపిన రీల్ చూసి వచ్చిన వాళ్లే ఎక్కువ. తర్వాత వరస, వెతికి వచ్చిన వాళ్లది. వాళ్లు వెతికిన మాటలు అతి మామూలువి: పలాస జీడిపప్పు, పలాస క్యాష్యూ, పలాస కాజు, జీడిపప్పు కిలో రేటు. తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టిన వాళ్లు చాలామంది. ఒక్కరు కూడా డ్రైఫ్రూట్స్ అని వెతికి రాలేదు, వైరల్ అని వెతకడం సరేసరి.

దాంతో ట్యాగుల కంటే ముందు మార్చింది వేరే. ప్రొఫైల్‌లో పేరు రాసే చోట దుకాణం పేరు ఒక్కటే ఉండేది, దాని పక్కన "పలాస జీడిపప్పు" అని రెండు లిపుల్లో చేర్చాం. బయోలో కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా అని, కొరియర్ పంపుతామని రాశాం. క్యాప్షన్ మొదటి వాక్యంలో వస్తువు, ఊరు, గ్రేడు వచ్చేలా మామూలు తెలుగులో రాయడం మొదలుపెట్టాం. సెర్చ్‌లో దొరకాలంటే కీలకమైన మాటలూ హ్యాష్‌ట్యాగులూ క్యాప్షన్‌లోనే ఉండాలి, కామెంట్‌లో కాదు అని ఇన్‌స్టాగ్రామే చెప్పింది. మొదటి కామెంట్‌లో ట్యాగులు దాచే పాత అలవాటు అక్కడితో మానేశాం. 2025 జులై నుంచి ప్రొఫెషనల్ ఖాతాల పబ్లిక్ పోస్టులు గూగుల్‌లో కూడా కనిపించే వీలు వచ్చింది కాబట్టి క్యాప్షన్‌లో రాసే మాటకి విలువ ఇంకా పెరిగింది.

ఇవన్నీ అయ్యాకే ట్యాగులు. ప్రతి పోస్టుకీ ఉండేవి రెండు: #పలాసజీడిపప్పు, #పలాసక్యాష్యూ. మొదటిది తెలుగు లిపిలో, రెండోది ఇంగ్లిష్‌లో. మూడోది పోస్టును బట్టి మారుతుంది. వంట వీడియో అయితే వంట పేరు, పండగ ప్యాక్ అయితే పండగ పేరు. కావాలంటే నాలుగోది జిల్లా పేరు. అంతే.

తెలుగు లిపి ట్యాగుల విషయంలో చిన్న సాంకేతిక చిక్కు ఉంది. పొల్లు హల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక గుర్తును చేరుస్తాయి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. #వైజాగ్ చివర అది ఉన్నా లేకపోయినా మనకి ఒకేలా కనిపిస్తుంది, కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు వరసలు. అందుకే తెలుగు ట్యాగ్ పోస్టు చేశాక ఒకసారి నొక్కి, మన మిగతా పోస్టులున్న పేజీకే వెళ్తోందా అని చూసుకోవాలి. ఖాళీ, హైఫన్, చుక్క, ఏది వచ్చినా ట్యాగ్ అక్కడితో ఆగిపోతుంది. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు పెద్దక్షరాలకీ చిన్నక్షరాలకీ తేడా లేదు గానీ, ప్రతి మాట మొదటి అక్షరం పెద్దది పెడితే చదవడం తేలిక. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్లు కూడా అప్పుడు మాటలను విడగొట్టి పలుకుతాయి.

గ్రేడు పోస్టులు

ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం ఇది. కోడలు దగ్గరికి రోజూ వచ్చే ప్రశ్న ఒకటే: "అదే జీడిపప్పు, ఒకటి ఈ రేటు, ఇంకొకటి ఆ రేటు ఏమిటండీ?" వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఇది ప్రశ్నే కాదు. డబ్ల్యూ 180, 210, 240, 320 అనే అంకెలు ఒక పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని గుండు పప్పులు తూగుతాయో చెబుతాయి. 180 అంటే 170 నుంచి 180 గింజలు, 320 అంటే 300 నుంచి 320. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, రేటు ఎక్కువ. బద్దలూ ముక్కలూ దానికి కింద. రుచి మాత్రం అంకెను బట్టి ఉండదు. పరవాన్నంలోకి, పులిహోరలోకి 180 గ్రేడు వేయడం దండగ. ముక్కలతో గ్రేవీ అంతకంటే బాగా వస్తుంది. దుకాణదారు నోటి నుంచి ఈ చివరి మాట రావడం వినేవాళ్లకి కొత్త.

అబ్బాయి దీన్ని నాలుగు చిన్న రీల్స్‌గా తీశాడు. తెల్లటి పళ్లెంలో నాలుగు గ్రేడులు పక్కపక్కన పోసి, గింజ మీద గింజ పెట్టి చూపించాడు. మాట్లాడింది పెద్దాయన, మన యాసలోనే. సేవ్‌లు, షేర్లు అంతకుముందు ఎప్పుడూ లేనంతగా వచ్చాయి. ఇలాంటి పోస్టును జనం లైక్ కొట్టి వదిలేయరు, కొనేటప్పుడు చూసుకుందామని దాచుకుంటారు, ఇంట్లో వాళ్లకి పంపుతారు.

ఇక్కడే ట్యాగులతో ఒక ప్రయోగం చేశాం. రెండు రీల్స్‌కి #డబ్ల్యూ320 అని వ్యాపార పరిభాషలో ఉన్న ట్యాగ్ పెట్టాం. మిగతా రెండింటికి #జీడిపప్పుగ్రేడులు, #జీడిపప్పురేటు. మొదటి రకానికి మెసేజ్‌లు వెల్లువెత్తాయి. పెద్దాయన సంబరపడ్డారు. చూస్తే అన్నీ బ్రోకర్లవి. టన్నుకి ఎంత, ఏ పోర్టుకి ఇస్తారు, పిక్కలు కావాలా, సరుకు ముందు పంపి డబ్బు తర్వాత తీసుకుంటారా అని. 10 కిలోల టిన్నుల లెక్కలో మాట్లాడేవాళ్లు వాళ్లు, మన దగ్గర ఉన్నవి అరకిలో ప్యాకెట్లు. రెండో రకానికి మెసేజ్‌లు తక్కువే గానీ, అడిగినవాళ్లు గృహిణులు, క్యాటరింగ్ చేసేవాళ్లు, పెళ్లి పెట్టుకున్నవాళ్లు. కోడలికి సమాధానం చెప్పే ఓపిక ఉన్నది రెండో రకానికే.

ఎంగేజ్‌మెంట్ సంఖ్య, అంటే లైకులు, కామెంట్లు, సేవ్‌లు, షేర్ల మొత్తం, చూస్తే మొదటి రకమే గెలిచింది. అందుకే క్లయింట్‌కి నెలాఖరు రిపోర్టులో ఎంగేజ్‌మెంట్ శాతం ఒక్కటే చూపించే పద్ధతి నాకు నచ్చదు. ట్యాగ్ ఒక పిలుపు. పిలిచిన పేరుకి తగ్గవాళ్లే వస్తారు. బ్రోకర్ల భాషలో పిలిస్తే బ్రోకర్లే వస్తారు.

వేసవిలో పచ్చి జీడిపప్పు రీల్ దీనికి ఇంకో రుజువు. పిందె దశలో కోసిన పిక్కను చీల్చి లేత పప్పు తీసి కూర వండడం మన వైపు అందరికీ తెలిసిందే. #పచ్చిజీడిపప్పు ట్యాగ్‌తో పెట్టిన ఆ వీడియో కింద కామెంట్లు చదువుతుంటే పొద్దు తెలియదు. అమ్మమ్మగారి ఊరు, చేతులకి అంటిన జీడి, మరకలు పడ్డ గౌన్లు, అన్నీ వచ్చేశాయి. ఆర్డర్లు మాత్రం శూన్యం, ఎందుకంటే ఆ సరుకు కొరియర్‌లో నిలవదు, వాళ్లు పంపరు. అయినా ఆ రీల్ పెట్టమనే చెప్పాను, ఏటా పెట్టమనే చెబుతాను. దాన్ని చూసి ఫాలో అయినవాళ్లే దసరాకి ఎండు పప్పు అడిగారని నోట్‌బుక్ చెబుతోంది.

ఉద్దానం అనే ట్యాగ్

పెద్దాయనకి #ఉద్దానం పెట్టాలని ఎంతో కోరిక. మన జిల్లాలోని ఆ ప్రాంతంలోనే వాళ్ల తోట ఒకప్పుడు ఉండేది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినప్పుడు చాలా కుటుంబాల్లాగే వీళ్లదీ పోయింది. ఆ నేల పేరు చెప్పుకోవడం ఆయనకి గౌరవం.

నేను వద్దన్నాను. ఉద్దానం పేరు వెతికేవాళ్లలో ఎక్కువ మంది వెతికేది కిడ్నీ జబ్బుల గురించి. రోగుల కష్టాలు, డయాలసిస్, మంచినీటి సమస్య, పలాసలో కట్టిన కిడ్నీ ఆసుపత్రి, ఇవే ఆ ట్యాగ్ కింద ఉంటాయి. వాటి మధ్యలో "పండగ ఆఫర్, ఇప్పుడే ఆర్డర్ చేయండి" అని జీడిపప్పు ప్యాకెట్ కనిపిస్తే చూసేవాళ్లకి ఎలా ఉంటుంది? ఆ ఊళ్లవాళ్లకే ఎలా ఉంటుంది? ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మన ఊరి పేరు మనమే వాడుకోకూడదంటావు" అని మాత్రం అన్నారు. ఆ బాధ న్యాయమైనదే. చివరికి ఒప్పందం ఏమిటంటే, తోటల గురించి, రైతుల గురించి చెప్పే పోస్టుల్లో ఉద్దానం పేరు క్యాప్షన్‌లోనూ రావచ్చు, ట్యాగ్‌లోనూ రావచ్చు. అమ్మకం పోస్టుల్లో రాకూడదు. తిత్లీ గురించి ఆయన మాట్లాడిన వీడియోకి రేటు, ఫోన్ నంబర్ ఏవీ పెట్టలేదు. తుఫాను హెచ్చరికలున్న రోజుల్లో వాతావరణం ట్యాగులతో సరుకు పోస్టులు పెట్టడం కూడా నిషేధం అనుకున్నాం.

అలాగే సిరిమానోత్సవం రోజున విజయనగరం అంతా అదే ట్యాగ్‌లో ఉంటుంది కదా, మనమూ పెడదాం అన్నాడు అబ్బాయి. పైడితల్లమ్మ జాతరకీ జీడిపప్పు ప్యాకెట్‌కీ ముడి ఏమిటో చూపిస్తే పెట్టుకో అన్నాను. చూపించలేకపోయాడు. రథసప్తమికి అరసవల్లి ట్యాగ్ మాత్రం పెట్టాం. ఆ రోజు చేసే పాలు పొంగిన పరమాన్నం మీద వీడియో ఉంది కాబట్టి అది అతికింది.

కొలత

చిన్న పేజీల్లో కొలత కష్టం. ఒక రీల్ ఎందుకో ఎగిరిపోతే ఆ నెల సగటు మొత్తం తప్పుదారి పట్టిస్తుంది. నేను సగటు చూడను. పోస్టులను రీచ్ ప్రకారం వరసలో పెట్టి సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని చూస్తాను. ఎంగేజ్‌మెంట్ శాతానికి లైకులు, కామెంట్లు, సేవ్‌లు, షేర్లు కూడి, పోస్టు చేరిన అకౌంట్లతో భాగించి వందతో హెచ్చిస్తాను. ఉదాహరణకి వెయ్యి అకౌంట్లకి చేరిన పోస్టుకి 40 వస్తే 4 శాతం, పదివేలకి చేరినదానికి 200 వస్తే 2 శాతం. రెండోది పెద్ద అంకె, మొదటిది మెరుగైన పోస్టు. దీనికి తోడు సేవ్‌లనూ షేర్లనూ విడిగా రాసుకుంటాను, ఎందుకంటే లైకుల్లో బాట్లు కలుస్తాయి.

ట్యాగుల ప్రభావం విడిగా తెలియడానికి ఒకే తరహా పోస్టులను జతలుగా పెట్టాం. ఒకే రకం వీడియో, ఒకే వారం, ఒకే సాయంత్రపు వేళ. జతలో ఒకటి పాత ముప్పైతో, రెండోది కొత్త నాలుగుతో. కొన్ని జతల్లో రెండోదానికి ట్యాగే పెట్టలేదు. పాత ముప్పైని తీసేసిన పోస్టులకి లైకులు తగ్గాయి, ఫాలోయర్లు కానివాళ్లకి చేరడం దాదాపు అలాగే ఉంది, సేవ్‌లు తగ్గలేదు. నాలుగు ట్యాగులున్నదానికీ అసలు లేనిదానికీ మధ్య రీచ్‌లో పట్టుకోగలిగినంత తేడా కనిపించలేదు. అయితే నాలుగు ట్యాగులున్న పోస్టులు పాతబడ్డాక కూడా వెతికి వచ్చినవాళ్లకి దొరుకుతున్నాయి. పాత గ్రేడు రీల్ కింద నేటికీ కొత్త ప్రశ్నలు పడుతూనే ఉన్నాయి.

ఆర్డర్లు పెరిగిన మాట నిజం. ఆ ఘనతంతా ట్యాగులకి ఇస్తే అబద్ధం అవుతుంది. దసరా, దీపావళి కలిసొచ్చాయి, పెద్దాయన గొంతు కలిసొచ్చింది, ప్రొఫైల్ పేరు మార్చడం కలిసొచ్చింది, కోడలు అరగంటలో సమాధానం చెప్పడం అన్నిటికంటే ఎక్కువ కలిసొచ్చింది.

దుకాణం సొంత ట్యాగ్ ఒకటి తయారుచేసి ప్యాకెట్‌లో కార్డు పెట్టాం. దాన్ని వాడినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఇంటికి వచ్చిన జీడిపప్పును ఫొటో తీసి ట్యాగ్ కొట్టేంత తీరిక ఎవరికుంటుంది? కార్డు మాత్రం ఉంచాం, దాని వెనక గ్రేడుల పట్టిక అచ్చు వేశాం. కస్టమర్లు దాచుకుంటున్నది ఆ వెనక వైపే.

వేరే వేదికల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఫేస్‌బుక్‌లో ట్యాగులు దాదాపు మానేశాం, అక్కడ ఊరి గ్రూపులే పని చేస్తాయి. యూట్యూబ్ షార్ట్స్‌కి మూడు ట్యాగులు పెడుతున్నాం. అక్కడ వివరణలోని ట్యాగుల్లో మూడింటి వరకే శీర్షిక దగ్గర కనిపిస్తాయి, అరవై దాటితే మొత్తం ట్యాగులనే పట్టించుకోదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఏ కొత్త ట్యాగ్ అయినా వాడే ముందు నొక్కి చూడటం అబ్బాయికి అలవాటైంది. నియమాలకి విరుద్ధమైన పోస్టులు పేరుకున్న ట్యాగులను ఇన్‌స్టాగ్రామ్ పూర్తిగానో కొంతవరకో దాచేస్తుంది. మనకి అమాయకంగా కనిపించే మాట కూడా అలా దాచిన ట్యాగుల్లో ఉండొచ్చు.

ప్రస్తుతం పేజీ అబ్బాయే నడుపుతున్నాడు, నేను నెలకోసారి నోట్‌బుక్ చూస్తాను. పప్పు గ్రేడింగ్ చేసే ఆడవాళ్ల చేతులు చూపించే రీల్స్‌కి ముందుగా వాళ్లని అడగాలని, ముఖాలు చూపించకూడదని షరతు పెట్టాను. ఇప్పుడు నడుస్తున్న ప్రయోగం ఒడియా లిపిలో ట్యాగ్. ఇచ్ఛాపురం దాటితే ఒడిశానే, బరంపురం నుంచి కౌంటర్‌కి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఆ భాష వచ్చిన కుర్రాడు ఒకడు పక్క దుకాణంలో ఉన్నాడు, క్యాప్షన్ అతనే రాసిస్తున్నాడు. మొదటి జత పోస్టులు ఈ వారమే పెట్టారు. నోట్‌బుక్‌లో "బరంపురం" అని విడిగా ఒక పేజీ గీసి ఉంచింది కోడలు.